పదకొండో గడిలో దమ్ము

మా నాయనకు దమ్ము లేదని నేనొకసారి హైదరాబాదులో, ఒక బీమా ఆఫీసులో, పదిమంది ముందు గట్టిగా అరిచాను. అరిచిన మరుక్షణమే నాలుక కరుచుకున్నాను. ఆ మాట నాయన చెవిన పడి ఉంటే నెల రోజులు నాతో మాట్లాడేవాడు కాదు. పడలేదు కాబట్టే ఇవాళ ధైర్యంగా రాస్తున్నాను.

మా తాండూరులో దమ్ము అంటే రెండు. ఒకటి అందరికీ తెలిసిందే, గుండె ధైర్యం, ఒంట్లో సత్తువ. రెండోది ఆయాసం. ఉబ్బసం ఉన్నవాణ్ణి చూపించి "వానికి దమ్మున్నది" అంటారు. ఏ దమ్మో అడగాల్సిన పని లేదు. అవతలివాడు దగ్గుతూ ఉంటే ఒకటి, మీసం తిప్పుతూ ఉంటే ఇంకొకటి. ఈ రెండింటినీ కలగలిపి పొరబడ్డవాణ్ణి నేను చూడలేదు, బీమా ఫారం మా ఇంటి గడప తొక్కేదాకా.

నాయన బండల మనిషి. మా దగ్గర జానెడు మట్టి తీస్తే చాలు, కింద బండ తగులుతుంది. పలకలు పలకలుగా లేస్తుంది. దాన్ని కోసి, నున్నగా చేసి దేశమంతా ఇళ్ళలో పరుచుకుంటారు. అరవైతొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం గొడవలతో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. నాకప్పుడు పదేళ్ళు. చదువెలాగూ లేదు కదా అని అమ్మ నాయనకు సద్ది కట్టి నా చేతికిచ్చి గనికి పంపేది.

నేను వెళ్ళేసరికి నలుగురు ఒక బండ చుట్టూ వంగి ఉండేవారు. ఎత్తే ముందు ఒకరు కేక వేయాలి, "దమ్ముందా?" అని. మిగతా ముగ్గురూ ఒక్క గొంతుతో "ఉన్నదీ!" అనాలి. ఆ 'దీ' దగ్గర బండ లేచేది. ఎవడైనా గొంతు కలపకపోతే లేపేవాళ్ళు కాదు. వాణ్ణి పక్కకు పొమ్మని ఇంకొకణ్ణి పిలిచేవారు. ఒక మూల జారితే మిగతా ముగ్గురి కాళ్ళూ పోతాయి మరి. కేక వేసేది ఎక్కువగా మా నాయనే. సద్ది గిన్నె పట్టుకుని నేను దూరంగా నిలబడి, నాలో నేను "ఉన్నదీ" అనుకునేదాన్ని.

తరవాత నాయన గని వదిలి, ఒక పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను మీదకు మారాడు. చక్రం తిరుగుతుంటే బండ మీద నీళ్ళు పడుతూ ఉండాలి. నీళ్ళు పడితే బురద, పడకపోతే దుమ్ము. మొదట్లో బురదే ఎక్కువ. పోనుపోను ఎండాకాలాల్లో నీళ్ళు తగ్గి దుమ్ము ఎక్కువైంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. "ముసలోడు వచ్చిండు, గంజి పొయ్యుండ్రి" అని అమ్మ నవ్వేది.

అంత నవ్వు నవ్విన మనిషి డెబ్బైల నడుమ కడుపునొప్పితో మంచం పట్టింది. హైదరాబాదుకు తీసుకుపోయాం. ఆపరేషన్ అన్నారు, రక్తం అన్నారు, ఇంకో ఆపరేషన్ అన్నారు. మాకున్నది రెండెకరాల కంది చేను. మొదటి ఆపరేషనుకు ఒక ఎకరం, రెండోదానికి ఇంకో ఎకరం. అమ్మ దక్కలేదు, చేనూ దక్కలేదు. చేను పోయినందుకు నేను ఏడవలేదు. కానీ ఆ కొన్నవాడు మర్నాడే వచ్చి గట్టు మీద నిలబడి కంది కాయ తుంచి నోట్లో వేసుకోవడం చూశాను. అది ఈనాటికీ మర్చిపోలేదు.

నేను టైపు నేర్చుకుని వికారాబాదులో ఒక వకీలు దగ్గర పనికి కుదిరాను. పొద్దున తాండూరులో పాసింజరు ఎక్కడం, ధారూర్‌లో ఎక్కే కూరగాయల గంపలకు జాగా ఇవ్వడం, వికారాబాదులో దిగి కోర్టు వైపు నడవడం. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళకు అప్పుడు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఇంట్లో నేనూ నాయనా ఇద్దరమే. నా భయం ఒక్కటే. నాయన మంచాన పడితే అమ్మడానికి మాకిక ఎకరాలు లేవు.

ఎనభైలు సగం దాటాక ఆస్పత్రి ఖర్చులకు కూడా బీమా ఉంటుందన్న మాట మా ఊరిదాకా వచ్చింది. చనిపోతే డబ్బులిచ్చే బీమా తెలుసు గానీ, బతికించుకోవడానికి ఇచ్చే బీమా వినడం అదే మొదటిసారి. రైల్లో ఒక ఏజెంటు కలిసి వివరంగా చెప్పాడు. కోస్తా వైపు నుంచి వచ్చి తాండూరులో ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్న మనిషి. మెత్తగా, మర్యాదగా మాట్లాడేవాడు. ఏడాదికి కట్టాల్సింది నా నెల జీతంలో సగం కన్నా ఎక్కువే. ఆ రాత్రే నాయనతో చెప్పాను.

"రోగం రాకముందే రోగానికి పైసలు కట్టుడేంది బిడ్డా?" అన్నాడు. "దానికి మనింటి తొవ్వ మనమే చూపిచ్చినట్టైతది."

"అమ్మకు తొవ్వ ఎవరు చూపిచ్చిన్రు నాయినా?"

అనకూడని మాట. కానీ నేను మొండిదాన్ని. అది ఎవరి పోలికో ఆయనకు తెలుసు. రెండు రోజులు ఇద్దరం మూతి ముడుచుకుని తిరిగాం. మూడో రోజు అన్నం తింటూ, "రమ్మను గా మనిషిని. నాకేం రోగం దొరకవడ్తడో నేను గూడ జూస్త" అన్నాడు. అలా ఆయన ఒప్పుకున్నది పాలసీకి కాదు, పందేనికి.

ఆదివారం ఏజెంటు వచ్చాడు. ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆయన ఒక్కో ప్రశ్నా తెలుగులో అడిగి జవాబు రాసుకుంటున్నాడు. నాయన గోడకు ఆనుకుని కూర్చుని "లేదు", "లేదు" అంటూ పోతున్నాడు. షుగరు లేదు, బీపీ లేదు, ఫిట్సు లేవు, గుండెనొప్పి లేదు. ఒక్కో 'లేదు'కూ గొంతు పెరుగుతోంది. నేను వంటింట్లో చాయ్ పెడుతూ వింటున్నాను.

"పెద్దాయనా, ఉబ్బసం ఏమైనా ఉందాండీ?"

"ఏం బసం?"

"ఉబ్బసం. అదేనండీ, మీ వైపు ఏదో అంటారు..." ఏజెంటు కలం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. ఆ మాట గుర్తుకు రాగానే గొంతులో సంతోషం పొంగింది పాపం. మా భాష పట్టుబడిందనుకున్నాడు. "ఆఁ! దమ్ము! దమ్ముందా?"

గోడకు ఆనుకున్న నాయన నిటారుగా లేచి కూర్చున్నాడు.

"ఉన్నదీ!"

వీధిలో కుక్క మొరిగింది. అంత కేక. ఏజెంటు కొంచెం వెనక్కి జరిగి, "గట్టిగానే ఉందాండీ?" అన్నాడు.

"గట్టిగనా? మస్తుగున్నది. ముప్పై ఏండ్ల సంది ఉన్నది. నీకున్నదా?"

"లేదండీ. మా ఇంట్లో ఎవరికీ లేదు."

నాయన పడీపడీ నవ్వాడు. వంటింటి వైపు తిరిగి, "ఇన్నవా బిడ్డా? పాపం, వీళ్ళింట్ల ఎవ్వరికి లేదంట!" అన్నాడు. నేనూ నవ్వాను. చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. ఏజెంటు కూడా మర్యాదకు నవ్వి, పదకొండో గడిలో ఏదో రాసుకున్నాడు. నాయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. ఇన్ని 'లేదు'ల తరవాత ఒక్క 'ఉన్నది' దొరికినందుకు ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

నెలన్నరకు పాలసీ పోస్టులో వచ్చింది. వకీలు దగ్గర పనిచేసేదాన్ని కదా, ముందు పెద్ద అక్షరాలు చదవను. చివర్న టైపు చేసి అంటించిన కాగితం ముక్క చదివాను. ఊపిరితిత్తుల జబ్బులకూ, వాటివల్ల వచ్చే ఏ ఇతర జబ్బుకూ ఈ పాలసీ వర్తించదని ఉంది. కాగితం పట్టుకుని ఏజెంటు ఇంటికి పరిగెత్తాను. ఆయన ఫారం నకలు తీసి చూపించాడు. పదకొండో గడి: ఉబ్బసం ఉంది, తీవ్రంగా, ముప్పై ఏళ్ళుగా.

"ఆయనే చెప్పారు కదమ్మా. మీరూ విన్నారుగా" అన్నాడు. మనిషి నిజంగానే తెల్లబోయాడు. ఏం జరిగిందో నేను విడమరిచి చెప్పాక తల పట్టుకున్నాడు. నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ తరవాత ఒళ్ళు మండింది. నా జీతం పోసి కొన్న కాగితంలో మా నాయన కాళ్ళున్నాయి, చేతులున్నాయి, కడుపుంది, ఊపిరి మాత్రం లేదు.

మర్నాడు సెలవు పెట్టి హైదరాబాదు ఆఫీసుకు పోయాను. ఒక అధికారి ఫైలు తెరిచి, "ఉందని మీ నాన్నగారే సంతకం చేశారు" అన్నాడు. పొరపాటు పడ్డామన్నాను. "పొరపాటు ఎలా పడతారమ్మా, ముప్పై ఏళ్ళని కూడా చెబితే?" అన్నాడు. అక్కడే నేను అరిచింది, మా నాయనకు దమ్ము లేదని. పక్క బల్లల వాళ్ళు తలలెత్తారు. అందులో మా వైపు మనిషి ఒకడున్నట్టుంది, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అధికారి మాత్రం నవ్వలేదు. ఛాతీ ఎక్స్‌రే, డాక్టరు సర్టిఫికెట్, జబ్బు లేదని ప్రమాణ పత్రం, ఈ మూడూ తెస్తే ఆ ముక్క తీసేస్తామన్నాడు. మూడు కాదు, ముప్పై తెస్తానని చెప్పి వచ్చాను.

ఎక్స్‌రే వికారాబాదులో తీయిద్దామనుకున్నాం. నాయన పండక్కి కొన్న చొక్కా వేసుకుని నాతో రైలెక్కాడు. దారంతా కులాసాగా ఉన్నాడు. తన ఛాతీ ఫోటో చూసి డాక్టరే దండం పెడతాడన్నాడు. వికారాబాదులో దిగి, అవతలి వైపు పోవడానికి వంతెన మెట్లెక్కాం. నేను మాట్లాడుకుంటూ పైదాకా పోయి వెనక్కి చూస్తే నాయన సగం మెట్ల దగ్గర ఆగి ఉన్నాడు. కమ్మీ పట్టుకుని పట్టాల వైపు చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నవ్ నాయినా?"

"బండి."

"ఏ బండి లేదు గదా."

"వస్తది."

మాట మధ్యలో రెండుసార్లు తెగింది. కిందికి దిగి ఆయన పక్కన నిలబడ్డాను. కొత్త చొక్కా కింద భుజాలు రెండూ పైకి లేస్తున్నాయి, పడుతున్నాయి. బండి రాలేదు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. నిండు బిందె మోసే మనిషి ఈ మధ్య సగం బిందెలు రెండుసార్లు తెస్తున్నాడు. పడుకుంటే నిద్ర పట్టడం లేదని గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. దగ్గు వస్తే వాకిట్లోకి పోయి దగ్గి వస్తున్నాడు. రోజంతా ఊళ్ళోవాళ్ళ అబద్ధాలూ నిజాలూ టైపు చేసే నేను, మా ఇంట్లోది చూడలేదు. నా మీద నాకు కలిగిన కోపం ఇంకెవరి మీదా అంతగా కలగలేదు.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించాడు. రెండు వైపులా చిన్న చిన్న తెల్లటి మచ్చలు. "బండల దుమ్ము. లోపల పేరుకుపోయింది. పోయేది కాదు. ఇంకా పెరక్కుండా చూసుకోవాలి. మిషను దగ్గరకు పోవద్దు" అన్నాడు. నాయన ఎక్స్‌రే వంక కాక గోడ మీది క్యాలెండరు వంక చూస్తున్నాడు. బయటికొచ్చాక అడిగాను.

"ఎప్పటి సంది నాయినా?"

"మూడేండ్లైతుంది."

"నాకెందుకు జెప్పలే?"

కోర్టు ముందు చెప్పుల దుకాణం దాటాక అన్నాడు. "దమ్మొస్తుందని చెప్తే, బండ కాడ ఎవడు నిలవనిస్తడు బిడ్డా?"

అప్పుడర్థమైంది. నా చిన్నప్పుడు గొంతు కలపనివాణ్ణి పక్కకు పొమ్మన్నది ఆయనే. ఆ పక్కకు తాను పోలేక మూడేళ్ళుగా ఊపిరి బిగబట్టి "ఉన్నదీ" అంటూ వస్తున్నాడు. ఏజెంటు పొరపాటున రాసుకున్నదే మా ఇంట్లో ఉన్న నిజం. ముప్పై ఏళ్ళన్నదొక్కటే తప్పు.

నేను పనిచేసే వకీలు పెద్దవాడు. మా నాయన కన్నా పదేళ్ళు పెద్ద. నన్ను ఏనాడూ పనిమనిషిగా చూడలేదు. ఎక్స్‌రే కాగితం చూసి కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "పరేషాన్ గాకు బేటీ. వేరే ఎక్స్‌రే, డాక్టర్ సర్టిఫికెట్ నేను తెప్పిస్త. ఒక ప్రమాణ పత్రం కొట్టుకో, నాయినతోని సంతకం పెట్టించుకో. ఎవరొచ్చి చూస్తరు?" అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. నేను మిషను ముందు కూర్చుని ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. సిగ్గుపడ్డానని రాయాలని ఉంది గానీ పడలేదు. మా నాయన మంచం పట్టకుండా పోడు, మంచం పడితే డబ్బు కావాలి. కంపెనీ వాళ్ళు మనిషిలోంచి ఊపిరిని మినహాయించగా లేనిది, నేనొక మాట మినహాయించకూడదా అనుకున్నాను. ఆ కంది గట్టు నా కళ్ళ ముందే ఉంది.

సాయంత్రం కాగితం నాయన ముందు పెట్టాను. ఆయన వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదువుతాడు. పేరు, తండ్రి పేరు, ఊరు దాటి అసలు వాక్యం దగ్గరకు వచ్చాడు. "నాకు ఉబ్బసము, అనగా దమ్ము, లేదు. ఇంతకు మునుపు ఎన్నడూ లేదు." రెండుసార్లు చదివాడు. కాగితం నా వైపు జరిపాడు.

"గిది నేను సంతకం పెట్ట."

"నాయినా, అది గా దమ్ము కాదు, గీ దమ్ము."

"ఏ దమ్మైతేంది? కాయితం మీద రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్. నాకు దమ్ము లేదు, ఎన్నడు లేదని నా చేతుల్తోని రాసియ్యాల్నా? గా కాయితం ఎవడన్న సదివితే ఏమనుకుంటడు?"

"ఎవ్వరు సదవరు. బీరువల వెడ్తరు."

"బీరువల ఉన్నా నేనే గదా అండ్ల ఉండేది."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మరి మంచాన వడితే ఏం జెయ్యాలె? ఏం అమ్మాలె? చెప్పు" అని అరిచాను. ఉన్నదంటే ఊపిరికి బీమా లేదు, లేదనడానికి ఆయన రాడు. నేనేం చెయ్యాలి మధ్యలో? నాయన ఎక్స్‌రే ఉన్న పెద్ద కవరు తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నీళ్ళు బంద్ వెట్టిన కాడికెళ్ళి వచ్చింది బిడ్డా గిది. ట్యాంకరు నీళ్ళకు పైసలైతయని సేటు మూడు ఎండకాలాలు బండ పొడిగనే కోయిపిచ్చిండు. నాకొక్కనికేనా? నిలవడ్డోళ్ళందరికి ఉన్నది. నాలెక్కనే దాసుకుంటున్రు." కవరు మీద చెయ్యి వేసి తట్టాడు. "దమ్ము లేదని కాదు, నాకెట్లొచ్చిందో రాయి. గదానికి సంతకం పెడ్త."

ప్రమాణ పత్రం చింపి పొయ్యిలో వేశాను. మర్నాడు మధ్యాహ్నం వకీలు భోజనానికి లేచాక రెండు ఉత్తరాలు టైపు చేశాను. మొదటిది బీమా కంపెనీకి. మా నాయన ఊపిరి తీసేసి మిగతా మనిషికి బీమా ఇస్తామన్నారు, ఊపిరి తీసేసిన మనిషితో నాకు పని లేదు, వచ్చే ఏడు కట్టను అని రాశాను. దానికి జవాబు రాలేదు, వస్తుందని అనుకోలేదు కూడా. రెండోది ఫ్యాక్టరీ సేటుకు. దాని మొదటి వాక్యం నాయన చెప్పి రాయించినదే: "నాకు దమ్ము ఉన్నది." ఆ కింద ఎప్పటి నుంచి, ఎలా వచ్చింది, ఏం కావాలి. నీళ్ళు లేనిదే మిషను తిరగకూడదు, అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయించాలి, మందుల ఖర్చు ఇవ్వాలి. వకీలు తిరిగొచ్చి చదివాడు. ఒక్క కామా సరిచేసి, "నకలు మూడు తియ్యి" అన్నాడు.

ఆదివారం కోత మిషన్ల మీద పనిచేసే ఏడుగురు మా ఇంటికి వచ్చారు. చదివి వినిపించాను. మొదటి వాక్యం దగ్గర ఒకాయన నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి తిరిగి ఆగలేదు. మిగతా వాళ్ళు తలలు వంచుకున్నారు. అప్పటిదాకా ఎవరికి వారే దాచుకున్న జబ్బు ఒక్క దగ్గుతో బయటపడింది. "గీ ఫికర్ నా ఒక్కనిదే అనుకున్న" అన్నాడు ఆ దగ్గినాయనే, కళ్ళు తుడుచుకుంటూ. సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. ఒక్కాయన పెట్టనన్నాడు. ఆయనకు అప్పుడే కొత్తగా పెళ్ళైంది, పని పోతుందని భయం. నాయన ఆయన్ని ఒక్క మాట అనలేదు.

సోమవారం నేను కూడా వాళ్ళతో ఫ్యాక్టరీకి పోయాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను గానీ, పోలేదు. ఆ రోజు ఆలస్యానికి వకీలు జీతం కూడా కోయలేదు. సేటు కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగాడు.

"ఏందిది? దమ్మున్నదని రాసినవ్. రోగమని జెప్తున్నవా, నన్ను బెదిరిస్తున్నవా?"

జవాబు చెప్పడానికి నాయన ఊపిరి కూడదీసుకోవాలి. మేమందరం ఆగాం, సేటు కూడా ఆగాల్సి వచ్చింది.

"రెండు" అన్నాడు.

ఆ తరవాత జరిగింది గొప్పగా చెప్పుకునేది కాదు. సేటు ఆ రోజు అందర్నీ వెళ్ళగొట్టాడు. నాలుగు రోజులు మిషన్లు ఆగాయి. తాండూరులో కోత తెలిసిన చేతులు దారిన దొరికేవి కావు. అయిదో రోజు ట్యాంకరు వచ్చింది, మిషన్ల మీద నీళ్ళు పడ్డాయి. ఎక్స్‌రేలు తీయించాడు. మందులకు సగం ఇస్తానన్నాడు, అందులోనూ సగం ఎగ్గొట్టాడు. నాయన్ని మిషను నుంచి తీసి, జీతం తగ్గించి, గేటు దగ్గర కూర్చోబెట్టాడు. తగ్గిన జీతం కోసం నేను ఇంకో ఏడాది కొట్లాడాను, ఓడిపోయాను. నాయన ఛాతీలో చేరిన దుమ్ము బయటికి రాలేదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు మాత్రం సాయంత్రం నల్లటి కనుబొమ్మలతో ఇళ్ళకు పోతుంటే, గేటు దగ్గర నాయన ఒక్కొక్కరి ముఖం చూసి పంపేవాడు.

బీమా దండగని నేను ఎవరికీ చెప్పను. నా జీతం పోసి కొనేది ఏమిటో చివరి ముక్కదాకా చదివి కొంటానని మాత్రం చెబుతాను. ఏడాది తిరిగాక ఏజెంటు మళ్ళీ వచ్చాడు. నాయన పేరున తీసుకున్న పాలసీ సంగతి తాను ఎత్తలేదు. "మీ వయసుకు తక్కువే పడుతుందమ్మా, మీ పేరున తీసుకోండి" అన్నాడు. రెండు రోజులు ఆలోచించాను. రేపు నేను పడిపోతే గేటు దగ్గర కూర్చున్న ఈ మనిషి నాకోసం మళ్ళీ బండలెత్తడానికి పోతాడు. నాకు తెలుసు, పోతాడు. ఆ పని చేయనివ్వకూడదు. అందుకు కట్టొచ్చు అనిపించింది.

ఏజెంటు ఈసారి జాగ్రత్తపడ్డాడు. పదకొండో గడి దగ్గర మా భాష జోలికి పోకుండా, "ఆయాసం గానీ, ఎగశ్వాస గానీ, ఉబ్బసం గానీ..." అని ఆ అర్థమొచ్చే మాటలన్నీ వరసపెట్టి అడిగాడు.

"లేదండీ" అన్నాను.

గేటు పని నుంచి వచ్చి మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న నాయన కళ్ళు తెరిచాడు. మాటకూ మాటకూ మధ్య ఈల వేసినట్టు ఊపిరి.

"ఏం లేదంటున్నవ్ బిడ్డా?"

"దమ్ము, నాయినా."

"లేదని రాపిస్తున్నవా?" నిజంగానే కోపం వచ్చింది ఆయనకు. "ఎవరి బిడ్డవు నువ్వు?"

ఏజెంటు కలం గాల్లో ఆగిపోయింది. రాయాలో వద్దో తెలియక నా వంక చూశాడు. లేదనే రాయమన్నాను. కాగితం మీదనే లేదు నాయినా, అని నచ్చజెప్పాను. ఆయన నమ్మలేదు. చెయ్యి ఆనించి, దిండ్ల మీది నుంచి కొంచెం లేచి, ఉన్న ఊపిరంతా పోగుచేసుకుని అడిగాడు.

"దమ్ముందా?"

గొంతు మంచం దాటి వచ్చిందో లేదో.

"ఉన్నదీ!" అన్నాను, ఏజెంటు ఉలిక్కిపడేలా. అప్పుడు సంతకం పెట్టాను.